ప్లగ్గు తీసినంత మాత్రాన సరిపోదు

ప్రశ్న: మా మైక్రోవేవ్ ఓవెన్‌లో వారం రోజులుగా దీపం వెలుగుతోంది, గాజు పళ్లెం తిరుగుతోంది, చివర్లో గంట కూడా మోగుతోంది. లోపల పెట్టింది మాత్రం పెట్టినంత చల్లగానే బయటికి వస్తోంది. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి, ప్లగ్గు తీసేస్తే ప్రమాదమేమీ ఉండదు, నేనే విప్పి బాగుచేస్తానంటున్నాడు. విప్పనివ్వమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, విప్పనివ్వకండి. మీ అబ్బాయి అన్న మాట ఇస్త్రీపెట్టెకు, టేబుల్ ఫ్యానుకు చెల్లుతుంది. మైక్రోవేవ్‌కు చెల్లదు.

దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి కరెంటును సుమారు 2,000 వోల్టులకు పెంచుతుంది. ఆపైన విద్యుత్తును నిలవచేసే కెపాసిటర్, దాన్ని ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ కలిసి ఆ వోల్టులను ఇంచుమించు రెట్టింపు చేసి, వంటను వేడిచేసే కిరణాలను పుట్టించే మాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. ప్లగ్గు తీశాక కూడా ఆ కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడానికి చాలా కెపాసిటర్లలో ఒక రెసిస్టర్ అమర్చి ఉంటుంది. అది బాగుంటే ఒకటి రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. అదే తెగిపోయి ఉంటే? విద్యుత్తు లోపలే ఉండిపోతుంది, పైనుంచి చూస్తే మాత్రం కెపాసిటర్ డబ్బాలో ఏ తేడా కనిపించదు.

నా పనిసంచిలో ఒక పాత స్క్రూడ్రైవర్ ఉంది. దాని మొన పక్కన ఆవగింజంత మేర ఇనుము కరిగిపోయి, చుట్టూ నీలంగా కమిలి ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో, ప్లగ్గు తీసి గంట దాటిన ఓవెన్‌లో అది కెపాసిటర్ రెండు కొసలకూ ఒకేసారి తగిలింది. టపాకాయ పేలినట్టు చప్పుడైంది. దాని చోట నా వేళ్లు ఉంటే ఏమయ్యేదో అని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. అది మా గురువుగారు నాకు మప్పిన పద్ధతి కూడా కాదు, నా తొందరపాటు. ఇప్పటికీ నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదటిరోజు ఆ మొనే చూపిస్తాను.

మూత జోలికి పోకుండా మీరు చేయగలిగింది కొంత ఉంది. మొదట పవర్ పూర్తిగా పెంచి ఉందో లేదో చూడండి. తక్కువలో ఉంటే మాగ్నెట్రాన్ కాసేపు పనిచేసి కాసేపు ఆగుతుంది, వంట చల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది. తర్వాత గాజు గ్లాసు నిండా నీళ్లు పెట్టి నిమిషం నడపండి, చెవి దగ్గరపెట్టి వినండి. బాగున్న ఓవెన్‌లో ఫ్యాను చప్పుడు మొదలైన రెండు మూడు క్షణాలకు దానికి తోడు బరువైన మోత వినిపిస్తుంది. ఆ మోత అసలు రాకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటే అందడం లేదని అనుకోవచ్చు, తలుపు స్విచ్చు దాకా అనుమానించాలి. ఎప్పటికంటే గట్టిగా గుర్రుమంటే డయోడో, కెపాసిటరో, మాగ్నెట్రానో షార్ట్ అయి ఉండవచ్చు. అలా గుర్రుమన్న వెంటనే ఆపేయండి. విన్నది విన్నట్టు మెకానిక్‌కు చెబితే అతని పని సగం తేలికవుతుంది.

తలుపు గురించి ఒక్క మాట. అది తెరిచి ఉండగా ఓవెన్ నడవకుండా సాధారణంగా మూడు చిన్న స్విచ్చులు కాపలా కాస్తాయి. మిగతావి అతుక్కుపోయి తలుపు తెరిచినా కరెంటు ఆగకపోతే, మూడోది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజును కాల్చేస్తుంది. అందుకే తలుపు తీసినప్పుడల్లా ఫ్యూజు పోతుంటే, ఫ్యూజు స్థానంలో తీగ చుట్టడం కన్నా పెద్ద తప్పు లేదు. తలుపు తెరిచి ఉండగా ఓవెన్ నడిస్తే బయటికి వచ్చే మాగ్నెట్రాన్ కిరణాలు మనిషి కంటిని కూడా నీటిని వేడిచేసినట్టే వేడిచేస్తాయి.

మీ అబ్బాయి ఆసక్తిని మాత్రం చంపకండి. మెకానిక్ విప్పేటప్పుడు పక్కన నిలబడి చూడమనండి. పాత మాగ్నెట్రాన్ ఇస్తే అందులోని అయస్కాంతాల కోసం పగలగొట్టవద్దని చెప్పండి. కొన్నింటి పింగాణీ భాగంలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు విషం.

ప్రశ్న: ఓవెన్ వేయగానే లోపల కుడి గోడ దగ్గర నిప్పురవ్వలు లేస్తున్నాయి. పారేయాల్సిందేనా?
– మరో పాఠకుడు

జవాబు: అక్కరలేదండీ. ఆ గోడకు అట్టలాంటి పలచని రేకు ఉంటుంది, అది మైకా (అభ్రకం) షీటు. నూనె, ఆవిరి పేరుకుని మాడితే రవ్వలు వస్తాయి. ఇది లోపలి నుంచే ఊడుతుంది, పైమూత విప్పాల్సిన పని లేదు. ప్లగ్గు తీసి, ఓవెన్ చల్లారాక మెల్లగా తీయండి. జిడ్డు మాత్రమే ఉంటే తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నల్లబడి చిల్లు పడితే కొత్త మైకా షీటు తెచ్చి, పాతదాన్ని దానిపై పెట్టి గీత గీసుకుని కత్తెరతో కత్తిరించండి. దాని వెనక గోడ మీద పెయింటు లేచి ఇనుము కనిపిస్తే అక్కడా రవ్వలు వస్తాయి, కాబట్టి షీటు తీసినప్పుడే టార్చి వేసి చూడండి. షీటు లేకుండా ఒక్కసారి కూడా నడపకండి.