అమెరికా యూనివర్సిటీలో ఆనర్స్ తీసుకుంటే చదువు భారం రెట్టింపవుతుందా?

అవ్వదు. ఆనర్స్ అంటే బాగా చదివే విద్యార్థుల కోసం యూనివర్సిటీ నడిపే ప్రత్యేక ప్రోగ్రాం. దాని కోర్సులు ఎక్కువగా మామూలు కోర్సుల పైన అదనంగా కాకుండా వాటిలో కొన్నిటికి బదులుగా వస్తాయి, డిగ్రీకి కావలసిన సుమారు 120 క్రెడిట్లు దాదాపు అలాగే ఉంటాయి. కనీస జీపీఏ (గ్రేడ్ల సగటు) నిలుపుకోవాలి, అది మాత్రం నిజం.

మారేది చదివే తీరు. ఫస్టియర్ సెమినార్‌లో క్లాసు చిన్నది, లెక్చర్ కంటే చర్చ ఎక్కువ. చాలా ప్రోగ్రాముల్లో చివరి ఏడాది సొంతంగా థీసిస్ (పరిశోధన చేసి రాసే పెద్ద వ్యాసం) రాయాలి కాబట్టి ప్రశ్న వేయడం, ఆధారం వెతకడం, వాదన నిలబెట్టడం మొదటి నుంచే అలవాటు చేస్తారు. ఉదాహరణకు, మామూలు చరిత్ర క్లాసులో ఒక యుద్ధానికి కారణాలు చదివి పరీక్ష రాస్తారు, ఇక్కడ ఆ కాలపు ఉత్తరాలు రెండు చేతికిచ్చి ఏది నమ్మొచ్చు, ఎందుకు అని అడుగుతారు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఆనర్స్‌లో అన్నీ తెలిసినవాళ్లే ఉంటారనుకుంటారు. ఆ టెన్షన్‌తోనే క్లాసులో నోరు విప్పరు, ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లరు. ఆ సమయం పెట్టిందే సందేహాలు అడగడానికి, అర్థం కాలేదని ధైర్యంగా చెప్పొచ్చు, పైగా తర్వాత థీసిస్ గైడ్ దొరికేది చాలాసార్లు ఆ పరిచయాలతోనే.