పాత చిన్న పికప్‌తో బోటు లాగొచ్చా?

1998 ఫోర్డ్ రేంజర్‌తో 16 అడుగుల అల్యూమినియం బోటును సరస్సు దాకా లాగొచ్చా అని అడిగారు. లాగొచ్చు, కానీ బోటు బరువొక్కటే చూసి బయల్దేరకండి. ట్రైలర్, మోటారు, బ్యాటరీ, పెట్రోలు అన్నీ కలిపి తూకం వేయించండి. 20 గ్యాలన్ల పెట్రోలే సుమారు 120 పౌండ్లు. ఆ మొత్తం ఓనర్స్ మాన్యువల్‌లో మీ ఇంజిన్‌కు రాసిన పరిమితి లోపలే ఉండాలి.

ఆ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే పికప్ వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం మీద పడాలి. మరీ తగ్గితే ట్రైలర్ వెనక పాములా ఊగుతుంది, నాకు అసలు భయం అదే. ఊగితే సడన్ బ్రేక్ వేయకండి. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. పాత బండికి లాగడం కన్నా ఆపడమే కష్టం, అందుకే ముందు బ్రేకులు చూపించండి.

ర్యాంప్ (బోటును నీళ్లలోకి దించే వాలు) దగ్గర ట్రైలర్ చక్రాల బేరింగులు చల్లారాకే నీళ్లలోకి దించండి. వేడి మీద దించితే లోపలికి నీరు లాగుతాయి.