కొండ మీదికి నీళ్లు మోసినవారి పేర్లు

చిరంజీవి నాయనకు సికింద్రాబాద్ నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ప్రభువు నామమున నీకు శుభములు. ఇక్కడ మేమందరం క్షేమం.

నీ ఉత్తరాన్ని మీ అమ్మ నాకు చదివి వినిపించింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, గొంతు సవరించుకుని, ఒక వాక్యం దాటేసి ముందుకు పోయింది. ఆమె వంటింట్లోకి వెళ్లినప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఆ వాక్యమేమిటో నేనే వెతికి చదువుకున్నాను. "ఆరు నెలలుగా నోరు స్తోత్రమంటున్నది గాని లోపల ఏమీ కదలడం లేదు; ఇలాంటివాణ్ణి ఇంత దూరం ఎందుకు పంపారో తెలియడం లేదు" అని వ్రాశావు. నీ విశ్వాసం చల్లారిపోయిందని మీ అమ్మ మూడు రోజులు ఉపవాసముంది. నాకు అంత భయం కలగలేదు. నీవిప్పుడు మిషనరీ పని మీద ఉన్న రాజ్‌మహల్ కొండల్లోనే 1984 నుంచి 22 ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని, అది బీహారుగా ఉన్నప్పుడు వెళ్లి ఝార్ఖండ్ అయ్యాక తిరిగి వచ్చినదాన్ని గనుక, ఆ ఆరో నెల ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నిన్ను ఫలక్‌నుమా ఎక్కించిన రోజు గుర్తు తెచ్చుకో. సంఘమంతా ప్లాట్‌ఫారం మీద నిలబడి పాటలు పాడింది, స్త్రీల సమాజంవారు బంతిపూల దండ వేశారు, పాస్టరుగారు నీ త్యాగాన్ని గురించి రైలు కూత వేసేదాకా ప్రార్థించారు. వారి ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. కాని అంత దండ మెడలో పడ్డాక తాను ఇవ్వడానికే వెళ్తున్నాననుకోని మనిషి ఉండడు. చదువు ఇస్తాను, మందు ఇస్తాను, సువార్త ఇస్తాను, చివరికి నా యౌవనమే ఇస్తున్నాను అనుకుంటూ హౌరాలో దిగుతాం. ఇచ్చేవాడికి కృతజ్ఞత ఎక్కడి నుంచి వస్తుంది నాయనా? అది పుచ్చుకున్నవాడికి కలిగేది. నీకు వచ్చిన జబ్బు ఇదేనని నా అనుమానం, ఎందుకంటే నాకూ ఇదే వచ్చింది.

నేను వెళ్లిన మొదటి వేసవిలో పహాడియాలనే కొండజాతివారి గ్రామం ఒకదానిలో పసిబిడ్డకు విరేచనాలని కబురు వస్తే కొండెక్కి వెళ్లాను. చేతులూ కాళ్లూ దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. ఒక ముసలామె మట్టికుండ తెచ్చి నా ముందు పెట్టింది. నేను చేతులు కడుక్కున్నాను, ముఖం కడుక్కున్నాను, అలవాటు కొద్దీ మిగిలిన నీళ్లన్నీ కాళ్ల మీద కుమ్మరించుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. ఖాళీ కుండ తీసుకుని దారి పట్టింది. బిడ్డకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టాలని నేను నీళ్లు అడిగితే, పక్కనున్న అమ్మాయి కొండ కిందికి వేలు చూపించింది. తొంగిచూశాను. ఆ ముసలామె బండల మధ్య నుంచి, కుండ చంకనెత్తుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుంటూ ఊట దగ్గరికి దిగుతున్నది. ఆమె తిరిగి వచ్చేసరికి గంట దాటింది. ఆ గంటసేపూ నేను ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకుని, తడి ఆరుతున్న నా పాదాలను చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ బిడ్డ బతికాడు. ఆ సంవత్సరం నేను సంఘాలకు పంపిన ప్రార్థన పత్రికలో బిడ్డ బతికిన సంగతి వ్రాశాను, నా చేత దేవుడు చేయించిన కార్యమని వ్రాశాను. కుండ సంగతి వ్రాయలేదు. ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉండేది ఆ పత్రికను గురించే.

కృతజ్ఞత అనే మాటను మనం ఒక రకమైన సంతోషమనుకుంటాం, అది రాకపోతే కంగారుపడతాం. మాటను విడదీసి చూడు: కృతము అంటే చేయబడినది, జ్ఞత అంటే ఎరిగి ఉండడం. చేసినదాన్ని ఎరిగి ఉండడమే కృతజ్ఞత. లోపల కదలిక రావచ్చు, రాకపోవచ్చు, దాని వెంట పడవద్దు. నీ కోసం ఎవరు ఏం చేశారో కనుక్కో. నీ గదిలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నీవు తినే మొక్కజొన్న, బొబ్బర్లు ఎవరి పొలంవి, ఆ ఏట వాళ్లకెన్ని గింజలు మిగిలాయి? సబై గడ్డి కోసి సంతకు మోసుకుపోయే మనిషి, తన పని మానుకుని నీకు దారి చూపించడానికి వచ్చిన రోజున ఎంత కూలి పోగొట్టుకున్నాడు? ఇవి తెలియకుండా మోకరించి స్తోత్రం చెబితే నోరు మాత్రమే ఆడుతుంది.

ఒక పొడవాటి నోటుబుక్కు కొనుక్కో, కిరాణా కొట్లో ఖాతా వ్రాసుకునేలాంటిది. రాత్రి పడుకునే ముందు అందులో తేదీ వేసి, ఆ రోజు నీ కోసం ఎవరు ఏం చేశారో పేరుతో సహా ఒక్క పంక్తి వ్రాయి. "దేవుడు ఈ దినము నన్ను కాపాడెను" అని వ్రాయవద్దు. అది ప్రతి దినమూ నిజమే గనుక దాన్ని వ్రాసి మనం మిగతావన్నీ దాటేస్తాం. పేరు తెలియకపోతే మర్నాడు వెళ్లి అడుగు. నా మొదటి పుస్తకంలో సగం పేర్లు తప్పులే, ఎందుకంటే ఆ పహాడియాలు మాట్లాడే మాల్తో భాష అప్పటికి నాకు చెవికెక్కలేదు. అది మన ద్రావిడ కుటుంబపు భాషేనని, 1884లోనే దానికి వ్యాకరణం అచ్చయిందని విని, తెలుగుదాన్ని గదా ఇట్టే వచ్చేస్తుందనుకుని వెళ్లాను. రాలేదు. కాని వాళ్లు "నేను" అనడానికి "ఏన్" అంటారని విన్న రోజున మన పాత కవులు వాడిన "ఏను" గుర్తుకొచ్చి, ఎన్నో వందల మైళ్ల అవతల మేనత్త ఇల్లు దొరికినట్టయింది. నీళ్లను వాళ్లు "అము" అంటారు. ఆ మాట నాకు ఎవరి దగ్గర వచ్చిందో నీకు చెప్పనవసరం లేదు.

ఆ పుస్తకంలో మన విశ్వాసులను మాత్రమే వ్రాయవద్దు. ఒకసారి నన్ను పంపిన కార్యాలయంవారు లెక్కల్లో ఏదో చిక్కు వచ్చిందని మూడు నెలలు జీతం పంపలేదు. నేను వ్రాసిన మూడు ఉత్తరాలకూ "ప్రార్థిస్తున్నాము" అనే జవాబు వచ్చింది. ఆ మూడు నెలలూ సంత దగ్గరి దుకాణదారు బియ్యం, కిరసనాయిలు అప్పుగా ఇచ్చాడు. అతను మన సంఘంవాడు కాదు, మన దేవుణ్ణి నమ్మినవాడూ కాదు. ఎప్పుడిస్తావని ఒక్కనాడూ అడగలేదు. నాలుగో నెల బాకీ తీర్చబోతే, "మీరు మా పిల్లవాడికి సూది వేసినప్పుడు డబ్బు అడిగారా?" అన్నాడు, అయినా లెక్క చూసి పైసాతో సహా తీసుకున్నాడు. ఆ రెండోది నాకు మరీ నచ్చింది. దేవుడు కాకుల చేత ఏలీయాకు రొట్టె పంపాడని మనం ఆదివారపు బడిలో చెబుతాం గదా. కాకి ఏ సంఘానిదని ఏలీయా అడగలేదు.

డిసెంబరులో మనమంతా మెదక్ చర్చికి వెళ్లేవాళ్లం, నీవు చిన్నప్పుడు ఆ రంగుటద్దాల కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూసేవాడివి. ఆ గుడిని కట్టించిన పోస్నెట్ దొర పేరు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన సంగతి నీకు నోటికి వచ్చు. కరువు రోజుల్లో తిండిగింజల కోసం వచ్చి ఆ రాళ్లు మోసినవారిలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? ఇది మన సాక్ష్యాలన్నింటిలో ఉన్న లోటు, పోస్నెట్‌ను తప్పుపట్టి అంటున్నది కాదు.

మనం సైతం ఎవరో మోసుకొచ్చిన నీళ్లు తాగినవాళ్లమే. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత కానుకలతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, మనుషులను నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు పంపారు. ఆ పనిలో ముందున్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తానే వచ్చి అక్కడ కాపురముండి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన పేరు మనవాళ్లు ఎరుగుదురు. ఊరు విడిచిపోలేక కానుక పెట్టెలో కాసులు వేసిన తమిళ తల్లులను ఎవరెరుగుదురు? మిజో సంఘాల్లో 1910 నుంచి స్త్రీలు పూటపూటా వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పరిచర్య కోసం వేరుగా దాస్తున్నారు. మన సంఘంలోనూ అలాంటి డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగే ముసలమ్మలు ఉన్నారు. నీ నెల జీతంలో ఆ డబ్బా ఉన్నది.

అందుచేత వాళ్లకు ఉత్తరం వ్రాసేటప్పుడు జాగ్రత్తగా వ్రాయి. పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక ఎంత గొప్ప బోధ అయినా, చివరి అధ్యాయంలో అది ఒక రసీదు: మీరు ఎపఫ్రొదితు చేత పంపినది ముట్టింది, నాకు సమృద్ధిగా ఉన్నది అంటాడు, అదీ సంకెళ్లలో ఉండి. రోమీయుల పత్రిక చివర ఎందరి పేర్లు వ్రాశాడో చూడు, అందులో రూఫు తల్లి తనకూ తల్లేనన్నాడు. ఆమె ఏం వండిపెట్టిందో మనకు తెలియదు గాని, పౌలు మరచిపోలేదు. నీవూ అలా వ్రాయి: ఎంత ముట్టింది, దేనికి ఖర్చయింది, ఏది జరగలేదు. జరగనిదాన్ని జరిగినట్టు వ్రాయకు. చీమిడి ముక్కుల పిల్లల ఫొటోలు తీసి, వాళ్ల పేదరికాన్ని చూపించి మన జాలిని లాగే పనిని ఎన్నడూ చేయకు. ఆ తల్లి చేతి గటక తిన్నవాడివి నీవు.

ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. నీవు చేసినదానికి వాళ్లు కృతజ్ఞత చూపాలని ఎదురుచూడకు, ముఖ్యంగా మందుకూ మాటకూ ముడిపెట్టకు. ఝార్ఖండ్‌లో 2017 నాటి చట్టం ప్రకారం బలవంతం చేసిగాని ఆశ చూపిగాని మతం మార్పించడం నేరం, ఆదివాసుల విషయంలో శిక్ష మరింత ఎక్కువ. ఆ చట్టం లేకపోయినా నేను నీకు ఇదే చెప్పేదాన్ని. జ్వరంతో ఉన్న మనిషి మంచం పక్కన కూర్చున్నప్పుడు నీవు వైద్యసహాయకుడివి, అంతే. అడిగితే ప్రార్థన చేయి, అడగకపోతే తలుపు బయటికి వచ్చి నీలో నీవు చేసుకో. అప్పులపాలైనవాడు షావుకారు ముందు తల ఊపినట్టు నీ బోధకు తల ఊపే మనుషులను తయారుచేయవద్దు.

ఫలితం కనబడడం లేదని కూడా వ్రాశావు. 1793లో ఇంగ్లండు నుంచి బెంగాలుకు వచ్చిన మిషనరీ విలియం కేరీ 1800 డిసెంబరు వరకు, అంటే ఏడేళ్లు, ఒక్క హిందువుకైనా బాప్తిస్మమివ్వలేదని, తరువాత కృష్ణపాల్ అనే వడ్రంగి వచ్చాడని నీకు శిక్షణలో చెప్పి ఉంటారు. కృష్ణపాల్ మొదట వచ్చింది జారిన భుజం కోసం, దాన్ని సరిచేసింది కేరీ తోటి మిషనరీ డాక్టర్ థామస్. ఇది కూడా చెప్పి ఉండవచ్చు. చెప్పనిది ఒకటుంది. కేరీ భార్య డొరోతీ రావడానికి మొదట ఒప్పుకోలేదు. వచ్చాక 1794లో అయిదేళ్ల కొడుకు పోయాడు, ఆమె మనసు చెదిరి, 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. ఆ సంగతిని వదిలేసి కేరీ ఓర్పును మాత్రం పొగిడే సాక్ష్యం నాకు రుచించదు. విశ్వాసమంటే ఏమీ నొప్పి లేనట్టు ఉండడమని ఆ కథ వల్ల పిల్లలు అనుకుంటారు. యిర్మీయా దేవుడితో నీవు నన్ను మోసపుచ్చితివని మొరపెట్టుకున్నాడు, ఆ మొర వాక్యంలోనే ఉన్నది. స్తోత్రం రాని రాత్రి రాలేదని చెప్పు. చెప్పి, నోటుబుక్కులో పంక్తి వ్రాసి, పడుకో. నాకు దాదాపు ఏడాది అలాగే గడిచింది. ఆ ఏడాది పుస్తకం ఇప్పుడు తిరగేస్తే అన్నింటికన్నా నిండుగా ఉన్నది అదే.

దోమతెర కట్టుకునే పడుకో. విశ్వాసానికీ దోమతెరకూ వైరం లేదు. జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించు, ఆ కొండల మలేరియా మెదడుకు ఎక్కుతుంది. రెండు వారాలు దాటినా తగ్గని జ్వరమైతే కాలా అజార్ అనే జ్వరవ్యాధి పరీక్ష అడుగు. దాన్ని తెచ్చే ఇసుక ఈగ దోమకన్నా చిన్నది, మట్టిగోడల పగుళ్లలో ఉంటుంది. జబ్బు చేస్తే మీ అమ్మకు దాచకు, అలాగని ప్రతి సాయంత్రమూ గంటసేపు ఫోనులో ఇంట్లోనే ఉండిపోకు. ఆ గంట గ్రామంలో కూర్చో.

క్రిస్మస్ రాత్రి మన వీధుల్లో క్యారల్స్ పాడుతూ తిరిగే పిల్లలు నీకు గుర్తొస్తారు, ఏడుపొస్తుంది. ఏడువు. నేనూ ఏడ్చాను.

ఇది వ్రాస్తుండగా కుళాయి వచ్చింది. మధ్యలో లేచి అయిదు బిందెలు పట్టి వచ్చాను. మంజీరా నీళ్లు మెట్లెక్కకుండానే ఇంట్లోకి వస్తున్నాయి, అయినా కాళ్లు కడుక్కునేటప్పుడు నేను చెంబుతోనే కడుక్కుంటాను. మీ అమ్మ దాన్ని పిసినారితనమంటుంది. మామిడికాయ పచ్చడి, గోంగూర పచ్చడి రెండు డబ్బాల్లో పార్శిలు చేశాము, నూనె కారితే డబ్బాను ఎండలో పెట్టకు. జవాబుకు తొందర లేదు. వ్రాసినప్పుడు మాత్రం నీ గదికి నీళ్లు తెచ్చేది ఎవరో, వాళ్ల ఊట ఎంత దూరమో వ్రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ