గిలగిలా కొట్టుకుంటే పురుగుకు నొప్పి తెలిసినట్టేనా?

పురుగులకు స్పృహ ఉంటుందా, లేక కీ ఇచ్చిన బొమ్మల్లా కదులుతాయా అని అడిగారు. గుచ్చితే గిలగిలా కొట్టుకుంటాయి కాబట్టి ఉన్నట్టే కదా అని కూడా అన్నారు. ఆ రెండో మాట దగ్గరే నాకు పేచీ.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు. ఇంట్లో దసలి పట్టు (టసర్ పట్టు) పురుగులను పెంచేవాళ్లం. మద్దిచెట్ల మీద వదిలిన పచ్చటి పురుగులను కాకులు తినకుండా గులేరు పట్టుకుని కాయడం పిల్లల పని. ఆ పురుగును వేలితో తాకితే తల పైకెత్తి బిగుసుకుపోతుంది. ఇంకా కెలికితే తల అటూ ఇటూ విదిలిస్తుంది. చూస్తే అయ్యో పాపం అనిపిస్తుంది. అదే పురుగు ఒంటి మీద ఊజీ ఈగ గుడ్డు పెట్టి, దాని పిల్ల లోపలికి దూరి తినేస్తుంటే మాత్రం ఏమీ ఎరగనట్టు ఆకు కొరుకుతూనే ఉంటుంది. చర్మం మీద నల్లమచ్చ కనబడితేనే మనకు తెలిసేది. కొన్నయితే ఆ స్థితిలోనే పట్టుకాయ కూడా అల్లేస్తాయి!

అందుకే కదలికను చూసి తేల్చలేం. ఇష్టాన్నీ కష్టాన్నీ బేరీజు వేసుకుంటుందా అన్నది చూడాలి. 2022లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్లు బంబుల్‌బీల మీద (మన తేనెటీగలకు చుట్టాలే, కాస్త బొద్దుగా ఉంటాయి) ఈ పరీక్షే చేశారు. పంచదార నీళ్లు పెట్టిన చోట్లలో కొన్నింటిని 55 డిగ్రీల దాకా వేడెక్కించారు. తీపి అంతటా సమానంగా ఉన్నప్పుడు అవి వేడి చోటుకు పోవడం తగ్గించాయి. మామూలు చోట తీపి తగ్గిస్తే వేడిని ఓర్చుకుని తీపి ఎక్కువున్న చోటికే వెళ్లాయి. వట్టి రిఫ్లెక్స్ (తనంతట తానే జరిగిపోయే కదలిక) అయితే ఈ బేరం ఎక్కడిది?

గొంగళిపురుగుల మీద ఉన్న ఆధారం ఇంత గట్టిది కాదు. 2008లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఒక వాసన చూపిస్తూ కరెంట్ షాక్ ఇచ్చిన పొగాకు హార్న్‌వార్మ్‌లు (ఒక రకం గొంగళిపురుగులు) రెక్కల పురుగులయ్యాక కూడా ఆ వాసనకు దూరంగా జరిగాయి. అయితే గుర్తుండటం వేరు, బాధపడటం వేరు.

తేనెటీగ మెదడులో దాదాపు 10 లక్షల న్యూరాన్లు (నాడీకణాలు) ఉంటాయి, సీ.ఎలిగాన్స్ అనే నులిపురుగుకు ఒంట్లో మొత్తం 302. వీటన్నిటికీ ఒకే జవాబు చెప్పమంటే నావల్ల కాదు. తేనెటీగకైతే ఏదో ఒక మోతాదులో స్పృహ ఉందనే నా నమ్మకం. దసలి పురుగు విషయంలో లేదని మాత్రం అనను.