బాతులు దిగాలంటే ఏ మొక్కలు వేయాలి? – కైకలూరు రైతుకు జవాబు

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా కైకలూరు దగ్గర. 2 ఎకరాల చేపల చెరువు ఉంది. వరసగా నష్టాలొచ్చి మానేశాను, రెండేళ్లుగా ఖాళీగా ఉంది. మా నాన్న చిన్నప్పుడు చలికాలంలో పొలం నిండా బాతులు దిగేవట. ఆ చెరువులో మళ్లీ పక్షులు వచ్చేలా మొక్కలు వేయాలని ఉంది. అమెరికాలో మొక్కజొన్న వేసి నీళ్లు పెడితే బాతులు వేలల్లో వస్తున్నట్టు యూట్యూబ్‌లో చూశాను. మన దగ్గర అలా చేయొచ్చా? గుర్రపుడెక్క వదిలితే చాలని పక్క రైతు అంటున్నాడు, నిజమేనా?

జవాబు: నమస్తే అండీ. మీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది. చేపలు పోయిన చెరువును ఏం చేయాలని అడిగేవాళ్లే ఎక్కువ, పక్షుల కోసం అడిగేవాళ్లు తక్కువ.

ముందు గుర్రపుడెక్క సంగతి. దాన్ని చెరువులోకి రానివ్వకండి. అది నీటి మీద చాపలా అల్లుకుపోతే కింద ఎండ పడదు, ఇంకో మొక్క బతకదు, బాతు దిగడానికి ఖాళీ నీరే మిగలదు. తినే గింజా రాదు. ఒక్క మొక్క కనిపించినా వేరుతో సహా తీసి గట్టు మీద ఎండబెట్టండి. లొట్టపీసు కూడా అంతే, గట్టు పక్కన మొదలై లోపలికి వస్తుంది.

ఇక మొక్కజొన్న. మీరు చూసిన వీడియోలు ఆర్కాన్సా, మిస్సోరి లాంటి చోట్లవి అయ్యుంటాయి. అక్కడ ఎక్కువమంది ఇది చేసేది వేట కోసం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతును వేటాడటం, వల వేయడం, గుడ్లు తీయడం నేరం, జైలు కూడా ఉంటుంది. మీ ఉద్దేశం అది కాదని తెలుసు, కానీ చెరువులో బాతులున్నాయని ఊళ్లో తెలిస్తే రాత్రిపూట వలలతో వచ్చేవాళ్లు ఉంటారు, అందుకే ముందే చెబుతున్నాను. పంటగా చూసినా మొక్కజొన్న మీకు పనికిరాదు. నీరు నిలిచే నల్ల బురదలో దాని వేరు కుళ్లిపోతుంది, ఎరువుల ఖర్చు ఎక్కువ. పైగా మనకు వలస వచ్చే గార్గనీ లాంటి చిన్న బాతులకు చిన్న గింజలే అనువు.

మీకు కావాల్సింది ఊద. అవునండీ, వరి చేలో ఏటా కూలీలను పెట్టి పీకించే ఆ ఊదే. దాని గింజ బాతులకు ఎంతో ఇష్టం, నీటిని తట్టుకుంటుంది, పండగానే రాలి బురదలో పడుతుంది. అదే మనకు కావాలి. అమెరికాలో కూడా మొక్కజొన్న ఒక్కటే కాదు, జపనీస్ మిల్లెట్ అని ఇంకోటి చల్లుతారు, అది మన ఊదకు దగ్గరి చుట్టం. పక్కవాళ్ల వరిలోకి కలుపు వెళ్తుందని భయముంటే చిరుధాన్యాల్లో అమ్మే సాగు ఊదల విత్తనం తెచ్చుకోండి. ఎకరాకు 5 కిలోలు చాలు, ఇసుకలో కలిపి తడి బురద మీద చల్లండి, మట్టి కప్పక్కర్లేదు. చేపల మేత, పెంట పడిన చెరువు అడుగు బలంగానే ఉంటుంది కాబట్టి యూరియా వేయకండి, వేస్తే పడిపోతుంది.

ఒక ఎకరం ఊద, అర ఎకరం ఎంటీయూ 1010 లాంటి తక్కువ కాలం వరి, మిగతా అర ఎకరం దానంతట అది మొలిచేదానికి వదిలేయండి. వరి కోయకూడదు, అలాగే ఉంచాలి. ఆ వదిలేసిన అర ఎకరం చూసి కంగారుపడకండి, మీ చెరువు మట్టిలో ఏళ్లుగా పడి ఉన్న గింజలు చాలా ఉంటాయి. ఏమేం ఉన్నాయో తెలుసుకోవడానికి నేను రైతులతో చేయించే పని ఒకటుంది. చెరువు అడుగున నాలుగైదు చోట్ల పైపైన రెండు వేళ్ల మందం మట్టి తీసి, ఒక ప్లాస్టిక్ ట్రేలో పరిచి, రోజూ తడుపుతూ ఎండ తగిలే చోట మూడు వారాలు ఉంచండి. మూడంచుల కాడతో వచ్చేది తుంగ. గన్నేరాకుల్లాంటి ఆకులు, ఎర్రటి కణుపులు, తర్వాత గులాబీ రంగు కంకి వస్తే అది నీటి గన్నేరు. ఈ రెండింటి గింజలూ బాతులు తింటాయి. జమ్ము, కిక్కిస మాత్రం ఒక మూలకే పరిమితం చేయండి. నీలి బొల్లికోళ్లు గూడు పెట్టుకోవడానికి అది చాలు, వదిలేస్తే చెరువంతా ఆక్రమిస్తాయి. మొత్తం మీద సగం మొక్క, సగం ఖాళీ నీరు కనిపించాలి.

మొక్క ఎంత మంచిదైనా నీరు తప్పితే బాతు దిగదు. చేపల చెరువంటే ఐదారు అడుగుల నీరు కదా, ఆ లోతులో ఈ బాతులకు తిండి అందదు. సూదితోక బాతు, చుక్కమూతి బాతు, గార్గనీ ఇవన్నీ తల ముంచి, తోక పైకెత్తి అడుగున వెతుక్కునే రకాలు, మెడ అందినంత వరకే వాటి తిండి. జానెడు నీరు మించకూడదు, గార్గనీకి బెత్తెడు చాలు.

జూలైలో ఇంజన్‌తో చెరువు తోడేయండి. ఊద ఆగస్టు 15 తర్వాత చల్లితే నవంబరు మధ్యకు గింజ పడుతుంది. వరి మాత్రం 120 రోజులు కాబట్టి నారు జూలైలోనే పోయండి. అక్టోబరులో వాయుగుండం వస్తే ఒక్క రాత్రిలో చెరువు నిండుతుంది, అందుకని ఇంజన్ సిద్ధంగా ఉండాలి. మొక్క తల పైకుంటే ఫర్వాలేదు, మునిగిపోతే రెండు మూడు రోజుల్లోనే తోడేయాలి. నవంబరు మధ్యలో బెత్తెడు నీరు పెట్టి, ఆ తర్వాత వారానికి రెండు వేళ్లు చొప్పున జానెడు దాకా పెంచండి. ఒక్కసారే నింపేస్తే మొత్తం తిండి ఒకేసారి మునిగి, సగం వృథా అవుతుంది. మెల్లగా పెంచితే నీరు కొత్తగా తాకిన ప్రతి అంచులో గింజలూ పురుగులూ తేలతాయి, బాతులు ఆ అంచు వెంటే తిరుగుతాయి. ఫిబ్రవరి చివరిదాకా ఉంచి, మార్చిలో తూము కొంచెమే తెరిచి నెమ్మదిగా తీయండి. అప్పుడు బయటపడే బురదకు ఉల్లంకులు వస్తాయి, చాలా బాగుంటుంది చూడటానికి.

ఆ చెరువులో ఎప్పుడైనా వనామీ రొయ్య వేశారా? వేసి ఉంటే ముందు మట్టి పరీక్ష చేయించండి. ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటితే ఉప్పు నేల కిందే లెక్క, వర్షాకాలంలో మంచి నీరు రెండు మూడు సార్లు పెట్టి తీసేశాకే విత్తనం చల్లాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. చేపలను కొంగలు ఎత్తుకుపోకుండా చెరువు మీద అడ్డంగా ప్లాస్టిక్ దారాలు కట్టి ఉంటారు కదా, అవన్నీ విప్పేయండి, ఒక్కటీ వదలకుండా. తెల్లవారుజామున మంచులో దిగే పక్షికి ఆ దారం కనిపించదు. రెక్క కోసుకుపోయి వేలాడుతున్న సూదితోక బాతును నేను స్వయంగా విప్పాను, బతకలేదు. ఆ పక్షి ఎన్ని వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి ఉంటుందో ఆలోచించండి. అలాగే ఆ 2 ఎకరాల్లో కార్బోఫ్యూరాన్ గుళికలు వేయకండి, గింజ అనుకుని తిన్న పక్షి చచ్చిపోతుంది.

ఇంట్లో నాటు బాతులో, కోళ్లో ఉంటే ఈ నీటికి దూరంగా ఉంచండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ ఎంత నష్టం చేసిందో మీకు తెలుసు, వలస బాతుల్లో ఆ వైరస్ ఉండే అవకాశం ఉంటుంది. ఎక్కడైనా పక్షులు వరసగా చచ్చి కనిపిస్తే చేత్తో ముట్టుకోకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి. చుట్టుపక్కల దాళ్వా నారుమళ్లున్నాయా చూడండి, ఈల బాతులు రాత్రిళ్లు మేతకు వెళ్లి వాటిలో దిగితే గొడవలొస్తాయి. పక్క రైతులకు ముందే చెప్పి, నారు పోసిన రోజుల్లో మీరే కాపలాకు సాయం చేయండి.

మీ చెరువు కొల్లేరు ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు హద్దు) లోపల ఉంటే మాత్రం అది 1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్యం కిందకు వస్తుంది. గట్టు కదిలించే ముందు అటవీ శాఖ వాళ్లను కలవండి, 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన సంగతి మీ ఊళ్లో అందరికీ గుర్తుంటుంది. బయట ఉంటే మీ ఇష్టం.

మొదటి ఏడాది ఇరవై ముప్పై బాతులే దిగినా నిరాశపడకండి. కుక్కల్ని రానివ్వకుండా, గట్టు మీద ఒక్క వైపు నుంచే చూస్తూ ఉంటే అవి మళ్లీ వస్తాయి. ఈ వారమే ట్రేలో మట్టి పెట్టండి, మూడు వారాల తర్వాత మొలకల ఫోటో దగ్గర నుంచి తీసి పంపితే ఏది ఉంచాలో, ఏది పీకాలో చెబుతాను.