కొబ్బరిచెట్ల మధ్య ఏరియల్: ఆకాశవాణి, దూరదర్శన్‌లపై పాఠకుల ప్రశ్నలు

గోదావరి డెల్టా పాఠకుల నుంచి రేడియో, టీవీ ప్రసారాల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: విజయవాడ కేంద్రం రాకముందు మా తాతగారు మద్రాసు రేడియో వినేవారట. కరెంటు లేని ఊళ్లో అదెలా కుదిరింది?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరు 1న. నడుమ ఆ పదేళ్లూ కోస్తా తెలుగువాళ్లకు రేడియో అంటే మద్రాసే. నిడదవోలులో పుట్టిన పాటల రచయిత, స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో ఉద్యోగంలో చేరిందీ అక్కడే. ఆ తర్వాత ఆయన విజయవాడకు వచ్చి భక్తిరంజనిని ఇంటింటి పొద్దుటి పాటగా మార్చారు.

కరెంటు లేని ఊళ్ల కోసం బ్యాటరీతో నడిచే వాల్వు రేడియోలు ఉండేవి (వాల్వు అంటే ట్రాన్సిస్టరు రాకముందు వాడిన బల్బులాంటి గాజు గొట్టం). వాల్వు లోపలి తీగ వేడెక్కడానికి ఒకటిన్నర వోల్టు, ప్లేటుకు 90 వోల్టులు కావాలి. అందుకే ఇటుకంత బరువున్న డ్రై బ్యాటరీ పెట్టె పక్కనే పెట్టుకునేవారు. అది ఖరీదైన వస్తువు కాబట్టి వార్తలకీ, కచేరీకీ తప్ప మీట తిప్పేవారు కాదు.

ఇక ఏరియల్. రెండు కొబ్బరిచెట్ల మధ్య 15 నుంచి 20 మీటర్ల రాగి తీగ, రెండు కొసలా పింగాణీ గుళ్లు, ఒక కొస నుంచి ఇంట్లోకి దిగే తీగ. చెట్లు గాలికి ఊగుతాయి కనుక తీగను బిగించి కడితే మొదటి ఈదురుగాలికే తెగుతుంది. తెలిసినవాళ్లు ఒక వైపు చిన్న కప్పీ వేసి, తాడు చివర రాయి వేలాడదీసేవారు. చెట్టు ఊగితే రాయి పైకీ కిందికీ కదిలేది, తీగకు దెబ్బ తగిలేది కాదు. ఎర్త్ కోసం నూతి పక్క తడినేలలో ఇనప గొట్టం దిగగొట్టేవారు. ఉరుములప్పుడు ఏరియల్ తీగను రేడియో నుంచి తీసి ఎర్త్‌కు కలపడం తప్పనిసరి. ఇవాళ అలాంటి ఏరియల్ కట్టినా ఆ నియమం మారదు.

ప్రశ్న: తాతగారి పెట్టెలో పోస్టాఫీసు ముద్రలున్న రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది. రేడియోకు లైసెన్సు దేనికి?
– ఒక పాఠకుడు, తణుకు

1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో ఉంచుకోవడం అప్పట్లో నేరం. ఇంట్లో వాడే రేడియోకు చాలాకాలం ఏడాదికి 15 రూపాయలు పోస్టాఫీసులో కట్టేవారు. మన దేశంలో ప్రసారాలు మొదట ఆ రుసుము మీదే బతకాలనుకున్నాయి. 1927 జులై 23న బొంబాయిలో మొదలైన ప్రైవేటు కంపెనీకి రేడియోలు కొన్నవాళ్లు చాలినంత మంది దొరకలేదు, 1930లో మూతపడింది. ప్రభుత్వం ఆ కేంద్రాలను తీసుకుని నడిపింది. 1936 జూన్ 8న దానికి ఆలిండియా రేడియో అని పేరు పెట్టింది. లైసెన్సులు 1980లలో రద్దయ్యాయి. ఆ పుస్తకాన్ని చెద తగలకుండా దాచండి. ఏ ఏడాది మీ ఇంటికి రేడియో వచ్చిందో చెప్పే కాగితం అదొక్కటే కావచ్చు.

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక. విజయవాడ మీడియం వేవ్ పగలంతా శుభ్రంగా వినిపిస్తుంది. అదే ఊరి ఎఫ్ఎం మాత్రం అందదు. రాత్రయితే మీడియం వేవ్ కూడా ఒక నిమిషం పెరిగి, ఒక నిమిషం తగ్గుతుంది. రేడియో పాడైందా?
– ఒక పాఠకుడు

మీ రేడియోలో లోపమేమీ లేదు. మీ నేల గొప్పతనం అది.

విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. ఇంత పొడుగు తరంగం నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. నేల దాన్ని ఎంత మింగేస్తుందన్నది మట్టిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందన్న దాని మీద ఉంటుంది. రాతినేలలు, ఎండిన ఇసుక త్వరగా మింగేస్తాయి. నీళ్లు నిలిచిన వరిచేలు, కాలవలు, ఉప్పు తగిలిన ఒండ్రుమట్టి తక్కువ మింగుతాయి. సముద్రపు నీరైతే మరీ తక్కువ. విజయవాడ నుంచి మీ ఊరి దాకా కృష్ణా డెల్టా, కొల్లేటి పల్లం, గోదావరి డెల్టా ఒకదాని వెంట ఒకటి పరుచుకుని ఉన్నాయి. రేడియో తరంగానికి ఇంతకన్నా మంచి బాట మన రాష్ట్రంలో తక్కువ చోట్లే ఉంది. పడవ మీద ఒడ్డు దాటి వెళ్లినవారికి కూడా రేడియో పలకడానికి కారణం ఇదే.

ఎఫ్ఎం తరంగం మూడు మీటర్ల పొడవుది. అది దాదాపు చూపు ఆనినంత దూరమే పోతుంది. ఒక లెక్క గుర్తుంచుకోండి: టవరు ఎత్తు, మీ ఏరియల్ ఎత్తు మీటర్లలో తీసుకుని, ఒక్కోదాని వర్గమూలం కట్టి, రెండూ కలిపి, 4.1తో హెచ్చిస్తే కిలోమీటర్లు వస్తాయి. 100 మీటర్ల టవరు, 5 మీటర్ల డాబా అయితే 50 కిలోమీటర్లు. మీరు విజయవాడకు అంతకు రెట్టింపు పైన ఉన్నారు.

రాత్రి సంగతి వేరు. పగలు ఎండకు ఆకాశంలో 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఒక పొర ఏర్పడి, పైకి పోయిన మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దుగుంకగానే ఆ పొర పలచబడిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైనున్న పొరకు తగిలి తిరిగి కిందికి వస్తుంది. మీ ఊళ్లో నేల వెంట వచ్చిందీ, ఆకాశం నుంచి దిగిందీ కలుస్తాయి. రెండూ జత కుదిరితే శబ్దం పెరుగుతుంది, ఎదురుపడితే తగ్గుతుంది. విజయవాడకు మరీ దగ్గరున్నవారికి నేల తరంగమే బలంగా ఉంటుంది కనుక ఈ ఊగిసలాట తెలియదు.

ప్రశ్న: భీమవరంలో మా ఇంట్లో పాత ట్రాన్సిస్టరు ఉంది. ఈ మధ్య గరగర తప్ప ఏమీ వినపడటం లేదు. బాగు చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు

ముందు రేడియోను అనుమానించకండి, ఇంటిని అనుమానించండి. మెయిన్ స్విచ్ ఆపి, రేడియోను సెల్లుల మీద పెట్టి చూడండి. గరగర పోతే తప్పు రేడియోది కాదు. స్విచ్‌లు ఒక్కొక్కటే వేస్తూ పోతే దొంగ దొరుకుతుంది. ఎక్కువగా పట్టుబడేవి చవకరకం ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు. వీటి లోపల కరెంటు సెకనుకు వేలసార్లు తెగి కలుస్తూ ఉంటుంది, ఆ చప్పుడు మీడియం వేవ్ మీద పడుతుంది. రేడియోను వాటికి రెండు మూడు మీటర్ల దూరం జరిపినా చాలా తేడా కనిపిస్తుంది.

మెయిన్ ఆపినా గరగర పోకపోతే రేడియోను తిప్పి చూడండి. లోపల రాగి తీగ చుట్టిన నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, మీడియం వేవ్‌కు ఏరియల్ అదే. పైకి లాగే గొట్టం మీడియం వేవ్‌కు పనికిరాదు, అది ఎఫ్ఎం, షార్ట్‌వేవ్‌లకు. కడ్డీ కొస కేంద్రం వైపు చూస్తే శబ్దం సన్నగిల్లుతుంది, కడ్డీ అడ్డంగా ఉంటే పెరుగుతుంది. భీమవరానికి విజయవాడ పడమరగా ఉంది కాబట్టి కడ్డీ ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. మీటరు ముల్లు 80కీ 90కీ మధ్య, 84కు కాస్త ముందు నిలపండి (ఆ మీటరు మీద 84 అంటే 840 కిలోహెర్ట్జ్). కాకినాడ వైపు వారికి విశాఖ దగ్గర, వారు 927 దగ్గర వెతకాలి.

అప్పటికీ పలకకపోతే వెనక మూత విప్పండి. మన ఉప్పుగాలికి మొదట పోయేది సెల్లుల స్ప్రింగు. మామూలు జింకు సెల్లు కారితే ఆమ్లం. చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లలో దూది ముంచి తుడవాలి. ఆల్కలైన్ సెల్లు కారితే తెల్లపొడి కడుతుంది, అది క్షారం, దానికి నిమ్మరసం. రెండింటికీ ఒకే మందు వాడితే తుప్పు పెరుగుతుంది. ఆ తర్వాత నీటితో తడిపిన దూదితో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, స్ప్రింగును సన్నటి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి.

శబ్దం పెంచేటప్పుడు బరబరమంటే వాల్యూమ్ కంట్రోల్‌లో దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి. కొబ్బరినూనె వేయకండి, జిగురు కట్టి రెండు నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. మాట సన్నగా, బలహీనంగా వస్తుంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అవి మార్చడం టంకం పని తెలిసినవారికి గంట పని. లోపలి రంగురంగుల డబ్బాల్లోని మరలను మాత్రం ఎవరినీ తిప్పనివ్వకండి. ఒకసారి అవి చెదిరితే సరిచేయడానికి సిగ్నల్ జనరేటరు కావాలి.

ప్రశ్న: “ఆకాశవాణి” అనే పేరు ఎవరు పెట్టారు?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

1935లో మైసూరులో ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి సొంతంగా నడిపిన చిన్న కేంద్రానికి ఆ పేరు ఉండేది. ఆలిండియా రేడియో ఆ పేరును 1950లలో తీసుకుంది. 2023 మే నుంచి అధికారికంగా అన్ని భాషల్లోనూ ఆకాశవాణే. పొద్దుటి ఆ పరిచయ రాగం కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్. ఆయన ఐరోపా వదిలి బొంబాయి చేరిన యూదు సంగీతజ్ఞుడు.

ప్రశ్న: డాబా మీద పాత దూరదర్శన్ యాంటెన్నా ఇప్పుడేమీ పట్టడం లేదు. దాన్నే వాడుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

లేదు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలై, 1977 అక్టోబరులో హైదరాబాదుకూ, 1980లలో చిన్న రిలే టవర్ల ద్వారా మన ఊళ్లకూ వచ్చిన ఆ నేల మీది ప్రసారాలను దాదాపు అంతటా ఆపేశారు. యాంటెన్నా గొట్టం మాత్రం పనికొస్తుంది, నిటారుగా గట్టిగా ఉంటే దానికే దూరదర్శన్ వారి ఉపగ్రహ ప్రసారాలు పట్టే ఫ్రీ డిష్ బిగించవచ్చు. నెలసరి రుసుము లేదు, సప్తగిరి వస్తుంది.

కావలసినవి: 60 సెంటీమీటర్ల డిష్, కేయూ బ్యాండ్ ఎల్ఎన్‌బి (డిష్ ముందు నిలిచి ఉపగ్రహ తరంగాన్ని అందుకునే భాగం), కేబుల్, సెట్‌టాప్ బాక్స్. ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. అమలాపురం నుంచి చూస్తే ఉత్తరం నుంచి కుడిగా 144 డిగ్రీలు, అంటే ఆగ్నేయం నుంచి కొంచెం దక్షిణానికి. ఎత్తు 66 డిగ్రీలు. డిష్ చూడటానికి అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, దాని వంపు అలాంటిది. వెనకున్న కొలత గీతలను నమ్మండి. ముందు గొట్టం నిటారుగా ఉందో లేదో తూకం గుండుతో చూసుకోండి, అది వాలితే ఆ గీతలన్నీ తప్పే. తెర మీద క్వాలిటీ గీత చూస్తూ డిష్‌ను ఒక్కో డిగ్రీ జరపండి. ఆ తర్వాత ఎల్ఎన్‌బిని కాస్త తిప్పి గీత గరిష్ఠానికి తేవాలి. ఎదురుగా కొబ్బరిమట్ట ఒక్కటి అడ్డొచ్చినా బొమ్మ ముక్కలవుతుంది. కేబుల్ కొసకు రబ్బరు టేపు చుట్టకపోతే మొదటి వర్షాకాలానికే నీరు దిగుతుంది.

జోరువానలో బొమ్మ ఆగిపోవడం తప్పదు, చినుకులు ఆ తరంగాన్ని మింగేస్తాయి. తుపాను రాత్రి డిష్ కూడా నిలవకపోవచ్చు. కరెంటు, సెల్ టవరు పోయినా సెల్లులతో పలికే ట్రాన్సిస్టరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. సెల్లులు బయటికి తీసి, రేడియోతో పాటు పాలిథిన్ సంచిలో కట్టి, ముల్లును 837 మీద వదిలేయండి.