మంచు, మబ్బు, చూపుమేర

సందేహం: ‘వాన కన్నా మంచు పడేటప్పుడు దృశ్యమానత బాగా తగ్గుతుంది, మేఘాల ఎత్తూ తగ్గుతుంది’ అని ఒక వ్యాసంలో చదివాను. ఇది డిసెంబరులో మా ఔటర్ రింగ్ రోడ్డు మీద కమ్మే మంచేనా? దృశ్యమానత అనే మాట సరైనదేనా?
– ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్

సమాధానం: కాదండీ, ఆ మంచు వేరు. తెలుగులో గడ్డి మీద మెరిసేదీ మంచే, శంషాబాద్‌లో విమానాలను ఆపేదీ మంచే, కశ్మీరులో ఇళ్ల కప్పుల మీద పేరుకునేదీ మంచే. మూడోది మన ఊళ్లలో పడదు కాబట్టి దానికి విడిగా పేరు పెట్టే పని మనవాళ్లకు పడలేదు. పైనుంచి గడ్డకట్టి పడేవి మనకు తెలిసినంతలో వడగళ్లే. తెలంగాణలో రాళ్లవాన. హిమం, తుషారం, నీహారం అని సంస్కృతం నుంచి తెచ్చుకున్నా, కవులు వాటినీ కలిపేశారు.

మీరు చదివిన వాక్యంలోది స్నో. దాని పలుకులు సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున తేలుతూ దిగుతాయి. పెద్ద వానచినుకు 8, 9 మీటర్లు దూసుకొస్తుంది. అందుచేత నేలకు చేరే నీరు అంతే అయినా గాలిలో ఎప్పుడూ పలుకులే ఎక్కువగా ఉండి వెలుగును చెదరగొడతాయి. ‘మంచు పడేటప్పుడు’ అని ఊరుకోకుండా ‘హిమపాతంలో’ అని రాసి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే శ్రమ తప్పేది. స్నో అని రాసినా నాకు అభ్యంతరం లేదు.

ఇక దృశ్యమానత. ‘దృశ్యమానం’ అంటే కనబడుతున్నది. ‘త’ చేరిస్తే కనబడే స్థితి. వ్యాకరణం తప్పుపట్టదు. చిక్కల్లా, వాతావరణం లెక్కలు రాసేవాళ్లకు విజిబిలిటీ గుణం కాదు, దూరం. ఎంత దూరంలోని వస్తువును పోల్చుకోగలమన్నది. అది 1,000 మీటర్ల లోపుకు పడిపోతేనే వాళ్ల భాషలో ఫాగ్, మన పొగమంచు. ‘దృశ్యమానత 200 మీటర్లు’ అంటే గుణాన్ని టేపు పెట్టి కొలిచినట్టుంటుంది. మనకు ‘కనుచూపు మేర’ ఎప్పటినుంచో ఉంది. మేర అంటేనే హద్దు. ‘చూపుమేర 200 మీటర్లకు తగ్గింది’ అనండి, హాయిగా ఉంటుంది. ‘చూపు తగ్గింది’ అని మాత్రం అనకండి, కళ్ల డాక్టరు దగ్గరికి పంపిస్తారు.

‘మేఘాల ఎత్తు’ కూడా నాకు నచ్చలేదు. మబ్బు మందమా, నేల నుంచి మబ్బు అడుగు దాకా ఉన్న దూరమా? రెండోదే కదా చెప్పదలచింది. ‘మబ్బు అడుగు 300 మీటర్లకు దిగింది’ అంటే అనుమానం ఉండదు. నిజానికి పైమబ్బు దిగిరాదు. చినుకులు కింది గాలిలో కొంత ఆవిరై దాన్ని చల్లబరిచి చెమ్మగిల్లజేస్తే, అక్కడే చిరుగుల మబ్బు కొత్తగా పుడుతుంది. అయినా ముసురు పట్టిన రోజు ‘మొగులు కిందికొచ్చింది’ అని ఎవరైనా అంటే సైన్సు పేరుతో దిద్దకండి. పొద్దు ఎక్కడికీ పోకపోయినా పొద్దు గూకిందనే అంటున్నాం.

స్నో దట్టంగా కురిసేటప్పుడు మబ్బు అడుగే కనబడదు. అప్పుడు పైకి ఎంత ఎత్తు దాకా కనబడితే ఆ ఎత్తునే రాసుకుంటారు. దానికీ మన మాటే సరిపోతుంది: నిలువు చూపుమేర.